ఇమామ్ బీ ప్లాటు

ఇమామ్ బీకి ప్లాటు వస్తుందని మా బస్తీలో మొదట చెప్పింది నేనే. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎవరి ముందూ ఎత్తలేదు. అందుకే నేను రాస్తున్నాను.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారిలో రాతి బ్యాంకు ఉండేది. బోర్డు మీద మూడు భాషల్లో దాని అసలు పేరు ఉండేది గాని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. బస్సు కండక్టరు కూడా "రాతి బ్యాంక్, రాతి బ్యాంక్" అనే అరిచేవాడు. నిజాం కాలం నాటిది. ముందు ఐదు కమానులు. లోపల హాలు ఎంత ఎత్తంటే, పిచ్చుక ఒకసారి లోపలికి వస్తే బయటి దారి దొరక్క సాయంత్రం దాకా కప్పు కింద తిరుగుతూ ఉండేది. వెనక ఒక బావి, బావి పక్కన ఒంటిగది పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఇమామ్ బీ ఉండేది. మేమంతా ఆమెను ఖాలా అనేవాళ్లం, పిన్నమ్మ అన్నట్టు.

ఆమె భర్త గౌస్ మొహియుద్దీన్ ఆ బ్యాంకులో జవాను. తుపాకి ఒళ్లో పెట్టుకుని ఖజానా గది ముందు స్టూలు మీద కూర్చునేవాడట. నేను పుట్టకముందే ఒకనాడు ఆ స్టూలు మీదనే గుండె ఆగి పోయాడు. పిల్లలు లేరు. అప్పటి మేనేజరు ఆమెను వెళ్లిపొమ్మనకుండా నీళ్ల పని ఇచ్చాడు. బావిలోంచి తోడి హాల్లో వరసగా ఉన్న ఆరు రంజన్లు, పెద్ద మట్టి కుండలు, నింపాలి. ఎండాకాలం కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడికల మీద గంటగంటకూ నీళ్లు చల్లాలి. మేనేజర్లు మారారు. ఆమె నీళ్లు మోస్తూనే ఉంది.

బావికి అటువైపు గోడ లేదు. గోడకు బదులు మైదాకు కంచె. పుస్తకాల్లో గోరింట అంటారు, మేము మైదాకు అంటాం. పెళ్లయి వచ్చిన ఏడు ఖాలా ఒక్కొక్క కొమ్మ గుచ్చి పెంచిన కంచె అది. నేను ఎరిగేనాటికి మనిషెత్తు ఉండేది. ఆషాఢంలో మా బస్తీ ఆడవాళ్లు, రంజాన్ నెల చివర వెనక గల్లీల ఆడవాళ్లు, పెళ్లిళ్ల కాలంలో ఎవరంటే వాళ్లు వచ్చేవాళ్లు. ఖాలా ఎవరినీ కాదనలేదు. ఒకటే చెప్పేది.

"సగం ఉంచు బిడ్డా. ఎన్క వచ్చేటోళ్లు ఉంటరు."

ఆకు కోసం వచ్చినవాళ్లు కాసేపు బావి గట్టు మీద కూర్చుని వాళ్ల ఇంటి సంగతులు చెప్పిపోయేవాళ్లు. ఖాలాకు చుట్టాలు, పక్కాలు అంటే వాళ్లే.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మను ఎర్రగడ్డ దవాఖానలో పెట్టారు, ఇల్లు చూసేవాళ్లు లేరు. అమ్మ తిరిగొచ్చింది గాని నేను మళ్లీ బడికి పోలేదు. చీరలకు పాల్స్ కుట్టేదాన్ని. చీర ఇచ్చినవాళ్లతో కూడా తల ఊపడమే తప్ప మాట్లాడేదాన్ని కాదు. కుట్టుపని తీసుకుని కంచె నీడకు పోయి కూర్చుంటే ఖాలా నన్ను మాట్లాడమని అడిగేది కాదు. ఆమెకు చదువు రాదు. ఎప్పుడైనా కాయితం వస్తే నా ఒళ్లో పెట్టేది.

ఎనభై మూడులో బ్యాంకు సోమాజిగూడలో కొత్త బిల్డింగుకు మారింది. అక్కడ నీళ్లను చల్లబరిచే మిషన్ ఉందట. రంజన్లను ఇక్కడే వదిలేసి పోయారు. ఆ తరువాత పది రోజులు ఖాలా ఖాళీ హాల్లో ఆరు రంజన్లూ రోజూ నింపింది. నేను చూశాను. ఎవరు తాగుతారని అడగలేదు. పదకొండో రోజు ఆమే మానేసింది.

బ్యాంకును కొన్నది చక్రపాణి అనే బిల్డరు. గుంటూరు వైపు మనిషి. సన్నగా ఉంటాడు, ఎవరినైనా గారు అంటాడు. రాతి ముఖాన్ని, కమానులను అట్లాగే ఉంచి, హాలును అడ్డంగా కోసి రెండు అంతస్తులు చేసి, పైన ఇంకో రెండు వేసి, మొత్తం ఇళ్లుగా అమ్ముతాడని తెలిసింది. అట్లాంటి ఇళ్లు మా వైపు అప్పటికి కొత్త.

"ఒకల నెత్తి మీద ఒకలు ఉంటరట," అంది మా పక్కింటి సత్తెమ్మ. "పైనోళ్లు తానం చేస్తే కిందోళ్లు తుడుసుకోవాలె ఇగ."

చక్రపాణి ఖాలా ఇంటికి వచ్చి ఒక కాయితం ఇచ్చాడు.

"ముప్ఫై ఏళ్లుగా ఉన్నారు మీరు. మిమ్మల్ని రోడ్డు మీద పెట్టి నేను కట్టుకోలేనండి. ఎవరితోనైనా చదివించుకోండి. ఇష్టమైతేనే వేలిముద్ర వేయండి."

ఆ కాయితం నా ఒళ్లోకి వచ్చింది. సత్తెమ్మ కూడా వచ్చి కూర్చుంది. కాయితం తెలుగులో టైపు చేసి ఉంది. కీర్తిశేషులు గౌస్ మొహియుద్దీన్ గారి భార్య ఇమామ్ బీ, ప్రస్తుతం ఉన్న ఇల్లు, ఆవరణ ఖాళీ చేసినందుకు ప్రతిగా, జి-1 నంబరు గల ఫ్లాట్ ఆమె పేర ఇవ్వబడును. అది కాయితంలో ఉన్న మాట. నేను చదివిన మాట ప్లాట్.

మా బస్తీ నోట్లో ఫ లేదు. బళ్లో నేర్పారు, ప కింద చిన్న గీత. పలక మీద దిద్దాను. కాని మాకు ఫ్యాను ప్యానే, ఫోటో పోటోనే, చీర ఫాల్ పాలే. కంటికి గీత కనబడినా నోరు దాన్ని దాటిపోతుంది. ఖాలా నోరు అట్లా కాదు. ఆమె ఫికర్ అంటే పై పళ్లు కింది పెదవికి తగులుతాయి, గాలి చప్పుడు వినబడుతుంది. ఆమెకు ప వేరు, ఫ వేరు. నేను ప్లాట్ అని చదివితే ఆమెకు ప్లాట్ అనే వినబడింది. ప్లాట్ అంటే ఏమిటో ఆ రోజుల్లో అందరికీ తెలుసు. ఎస్.ఆర్. నగర్ అవతల రాళ్లు పాతి సున్నం గీసిన జాగలన్నీ ప్లాట్లే.

"ప్లాటా?" అంది ఖాలా. "జాగ ఇస్తడా?"

"ప్లాట్ అనే ఉంది ఖాలా."

"మల్ల సద్వు."

మళ్లీ చదివాను. మళ్లీ ప్లాట్ అనే చదివాను.

"జి అంటే ఏందే?" అంది సత్తెమ్మ.

నాకు తెలియదు.

"గవర్నమెంటేమో," అని ఆమే చెప్పుకుంది. "గట్టి కాయితమే."

నాకు మాత్రం ఆ జి దగ్గర ముల్లు గుచ్చుకున్నట్టు అయింది. ప్లాటుకు నంబరు ఉంటుంది, అక్షరం ఎందుకు? ఏ ఊళ్లో, ఏ సర్వే నంబరులో అన్నది ఎందుకు లేదు? చక్రపాణి మరునాడు వచ్చినప్పుడు నాకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. అడగాలనుకున్నాను. కుడుతున్న చీర కొంగు వైపు చూస్తూ ఉండిపోయాను.

ఖాలా అడిగింది. "సాబ్, నా ప్లాట్ మంచిదేనా?"

"మీ ప్లాట్‌కేమమ్మా, అన్నిటికంటే గట్టిది." అతని నోట్లో కూడా అది ప్లాటే. "మెట్లెక్కలేరని గ్రౌండ్‌లోనే ఇస్తున్నాను."

అతను పోయాక ఖాలా నా వైపు తిరిగింది. "ఇన్నవా? గ్రౌండ్ల ఇస్తడట."

గ్రౌండ్ అంటే మైదానం. అది నాకూ తెలిసిన ఇంగ్లీషు మాటే. జి గురించిన ముల్లు ఆ మాటతో కొంచెం మొద్దుబారింది. మొద్దుబారనిచ్చాను.

ఆ సాయంత్రమే ఆమె వేలిముద్ర వేసింది. కంచె కొట్టేయడానికి ఒప్పుకుంది. కూలీల కంటే ముందు తానే కత్తి తీసుకుని, ముదురూ లేతా కాని కొమ్మలు చూసి కోసింది. పదకొండు డాల్డా డబ్బాలకు అడుగున మేకుతో చిల్లులు పొడిచి, బావి దగ్గర మట్టి నింపి, డబ్బాకు మూడేసి కొమ్మలు గుచ్చింది.

"నాలుగు దిక్కుల మైదాకే పెడ్త," అంది. "నడిమిట్ల ఒక్క అర్ర. గోడలొద్దు నాకు."

సత్తెమ్మ నవ్వింది. "ప్లాటామెవైనవ్ ఇగ. మాకు ఆకు పుక్కట్ల దొరుకుతదా, టికెట్ పెడ్తవా?"

"నీకు టికెట్ లేదు సత్తెమ్మా. నోరు మూసుకొని తెంపుకుంటే ఫ్రీ."

"అయితే నాకు రాదు పో ఆకు."

బిల్డింగు పూర్తయ్యేదాకా ఖాలా మా ఇంట్లో ఉంది. ముందరి అరుగు మీద ఆమె మంచం, మంచం పక్కన ఎండ పడే చోట పదకొండు డబ్బాలు. పధ్నాలుగు నెలలు. అమ్మ మంచంలో ఉండి, ఖాలా అరుగు మీద ఉండి మాట్లాడుకునేవాళ్లు. నేను మధ్యలో గడప మీద కూర్చుని కుట్టేదాన్ని. పధ్నాలుగు నెలలు మా ఇంట్లో మాటల చప్పుడు ఉంది.

అరుగు మీది నుంచి రాతి బ్యాంకు వెనక భాగం కనబడేది. బావి పూడ్చారు. పెంకుటిల్లు ఒక్క పూటలో పోయింది. హాలుకు అడ్డంగా స్లాబు వేశారు. దాంతో కమాను రెండు ముక్కలైంది. కింది ఇంటివాళ్లకు కమాను కాళ్లు, పై ఇంటివాళ్లకు కమాను తల. ఖజానా గది మాత్రం కూలీలకు లొంగలేదు. మూడడుగుల రాతి గోడ, లోపల రైలు పట్టాలు వేసి కట్టారట. మూడు రోజులు గునపాలతో కొట్టి, నిప్పురవ్వలు తప్ప ఏమీ రాలక వదిలేశారు. కూలీలు టీ తాగుతూ ఆ గదిని తిట్టుకోవడం నేను విన్నాను. ఆ గదిని ఏం చేస్తారో అని ఒకసారి అనుకున్నాను కూడా. అంతకంటే ముందుకు ఆలోచించలేదు.

ఎనభై అయిదు దసరాకు వారం ముందు చక్రపాణి కబురు పంపాడు. ఖాలా తెల్ల చీర కట్టుకుంది. నన్ను తోడు రమ్మంది. ప్లాట్ చూడటానికి ఆటోలో తీసుకుపోతాడేమోనని చెప్పులు తుడుచుకుంది.

అతను ఆటో పిలవలేదు. మమ్మల్ని రాతి బ్యాంకు లోపలికి తీసుకుపోయాడు. కొత్త సున్నం వాసన. మెట్ల కింద నుంచి సన్న దారి. దాని చివర ఖజానా గది. పాత ఇనుప తలుపును తెరిచిన మేరకే గోడకు సిమెంటుతో పట్టించి, దాని ముందు చిన్న కర్ర తలుపు పెట్టారు. లోపల తెల్లగా సున్నం వేసి ఒక బల్బు వెలిగించారు. కిటికీ లేదు. పైన అరచేయంత కన్నం, అది మెట్ల వైపు తెరుచుకుంటుంది.

"ఇనుప తలుపు మూసుకుంటే మీకు భయమని కదలకుండా చేయించానమ్మా," అన్నాడు చక్రపాణి. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. "ఎండాకాలం ఎంత చల్లగా ఉంటుందో చూడండి."

ఖాలా గడప బయటే ఆగింది. నేల మీద ఒక చోట చూసింది.

"మా ఆయన ఈడనే కూసునేది. స్టూల్ ఈడ ఉండె."

"అవునా అమ్మా? అయితే మరీ మంచిది."

"నేను ఎన్నడు లోపటికి రాలే. రానియ్యకపోదురు." తల ఎత్తి అడిగింది. "సరే సాబ్. నా ప్లాట్ ఏడుంది?"

"ఇదేనమ్మా."

"ఇది అర్ర. ప్లాట్ ఏడుందని అడుగుతున్న."

అతనికి అర్థం కాలేదు. "అదేనండీ, జి-ఒకటి. గ్రౌండ్ ప్లోరులో ఒకటో నంబరు. కాయితంలో రాసిచ్చాను కదా."

ఖాలా బొడ్లో దోపుకున్న సంచీలోంచి కాయితం తీసింది. మడతలు పడిన చోట్ల ప్లాస్టిక్ అంటించి దాచుకుంది. నా చేతికి ఇచ్చింది.

"సద్వు బిడ్డా. జర నిమ్మలంగ."

బల్బు వెలుగులో చూశాను. ప కింద గీత ఉంది. పధ్నాలుగు నెలల కింద కూడా అక్కడే ఉంది. పై పళ్లు పెదవి మీద పెట్టి గాలి వదిలాను. మాట వంకరగా వచ్చింది. అయినా ఫ్లాట్ అనే వచ్చింది.

ఖాలా కాయితం వైపు చూడలేదు. నా నోటి వైపు చూసింది. ఈ పిల్ల తప్పు చదివిందని ఆమె ఒక్క మాట చెప్పి ఉంటే చక్రపాణి ఏం చేసేవాడో నాకు తెలియదు. ఆమె చెప్పలేదు.

"అచ్ఛా," అంది. "చాబీ ఇయ్యున్రి సాబ్."

మధ్యాహ్నం మంచం, పెట్టె, పదకొండు డబ్బాలు అక్కడికి చేర్చాం. సాయంత్రానికి మా అరుగు ఖాళీ అయింది. అమ్మ అడిగింది, ప్లాట్ ఎట్లా ఉందని. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు కూర్చున్నాను.

ఆ తరువాత ఇరవై రోజులు నేను ఆ గదికి పోలేదు. చీరలు ఇవ్వడానికి పోతూ గేటు బయటి నుంచి చూసేదాన్ని. పొద్దున్నే ఖాలా ఒక్కొక్క డబ్బా మోసుకొచ్చి ముందు కమాను కింద పెట్టేది. అక్కడ రెండు గంటల ఎండ ఉంటుంది. ఎండ పోగానే మళ్లీ ఒక్కొక్కటే లోపలికి. నీళ్ల బిందెలు మోసిన నడకే అది. నాలుగో రోజో అయిదో రోజో మొదటి అంతస్తులో దిగిన అరుణాదేవి అనే ఆవిడ స్కూటరు దిగి ఆగడం చూశాను.

"ఏంటండీ ఇవన్నీ? పిల్లలు తట్టుకుని పడతారు. కాస్త లోపల పెట్టుకోండి."

మెత్తగానే అంది. ఖాలా తల ఊపింది. మరునాటి నుంచి డబ్బాలు బయటికి రాలేదు. ఒక్కొక్క డబ్బా ఎండిపోయి చెత్త కుప్ప దగ్గర కనబడటం మొదలైంది. ఏడోది కనబడిన రోజు నేను పోయాను.

పగలే అయినా బల్బు వెలుగుతోంది. ఖాలా మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా నాలుగు డబ్బాలు, ఆకులు పసుపు తిరిగాయి.

"ఖాలా, నేను తప్పు సదివిన."

"ఎర్కే."

"నన్ను ఒక్క మాట అనలే నువ్వు."

"ఏమనాలె?" ఆమె ఒక పసుపు ఆకు గిల్లి వేళ్లతో నలిపింది. "నువ్వు సదివినంక ఇంకొకల్ని అడగొచ్చు నేను. బస్తీల నువ్వొక్కదానివేనా సదువొచ్చినదానివి? జి అంటే ఏందని మా మజీదు కాడ అడిగినా చెప్తుండిరి. అడిగితే ప్లాట్ ఏడ పోతదో అని అడగలే."

నాకు కూడా అట్లాగే అనిపించిందని చెప్పాలనుకున్నాను.

"ఇట్ల రా," అంది. "ఫ అను."

"ప."

"పండ్లు పెదివి మీద పెట్టు. ఊదు."

"ఫ."

"ఆ. గిప్పుడొచ్చింది." చిన్నగా నవ్వింది. "జర లేటు."

నేను బయటికి వచ్చాక ఇంటికి పోలేదు. చక్రపాణి పైన రంగులు వేయిస్తున్నాడని విని మెట్లెక్కాను. పరాయి మగమనిషితో నేనుగా మాట్లాడటం అదే మొదలు. అతను తిరిగి చూసేదాకా వెనక నిలబడ్డాను.

"ఏంటమ్మా?"

"డబ్బాలు... మిద్దె మీద పెట్టుకోవాలె. మైదాకు."

"ఎవరివి?"

"జి-ఒకటి ఫ్లాట్‌వి." పళ్లు పెదవి మీద ఆనించి అన్నాను.

అతను ఆశ్చర్యంగా చూశాడు. "ప్లాట్ ఉన్న అందరిదీనమ్మా మేడ. ఆవిడదీ. దానికి నన్నడగడమెందుకు?"

ఇరవై రోజుల ముందు అడిగి ఉంటే ఏడు డబ్బాలు బతికేవి.

నాలుగు డబ్బాలూ నేనే మోశాను. డెబ్భై రెండు మెట్లు. ఖాలా కూడా వస్తానని బయలుదేరి, మొదటి అంతస్తు దగ్గర మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె పక్కనే ఎవరి ఇంటి గుమ్మం పైనో కమాను తల ఉంది. ఒకప్పుడు పిచ్చుకలకే అందే రాయి. ఆమె దాన్ని తడిమి చూసి మెల్లగా దిగిపోయింది. మళ్లీ ఎక్కలేదు.

రోజూ పొద్దున నేను పోయి నీళ్లు పోసేదాన్ని. మూడు డబ్బాలు చిగురేశాయి. ఆషాఢం వచ్చేనాటికి మోకాలెత్తు కొమ్మలు.

ఆషాఢంలో ఎవరూ రాలేదు. కంచె పోయింది గనక ఆకు కూడా పోయిందనుకున్నారు. సత్తెమ్మకు నేనే చెప్పాను, మిద్దె మీద ఉందని.

"ఆ మెట్లెవలెక్కుతరే? ఆ గేటు కాడ ఎవలింటికని అడుగుతరు. అమీర్‌పేటల పొడి పాకిట్లు దొరుకుతున్నయి," అంది. తరువాత కొంచెం గొంతు తగ్గించి, "ఇమామ్ బీ బాగున్నదా?" అని అడిగింది.

ఆ శుక్రవారం నేను ఆకు తెంపి, కొంగులో పోసుకుని కిందికి దిగాను. ఖాలా రోలు కడిగి పెట్టుకుని ఉంది. నా కొంగు చూసి కళ్లు పెద్దవి చేసింది.

"ఎవలొచ్చిన్రు?"

"నేను."

"ఇంక?"

"నేనొక్కదాన్నే ఖాలా."

ఆమె ఆకును పళ్లెంలో పోసి, వేళ్లతో రెండు కుప్పలు చేసింది. ఒక కుప్ప రోట్లో వేసి నూరింది. రెండోదాని మీద తడిగుడ్డ కప్పి, గడప పక్కన, ఒకప్పుడు స్టూలు ఉన్న చోట పెట్టింది.

నూరింది నా ఎడమ చేతికే సరిపోయింది. అయిదు వేళ్లకూ టోపీలు పెట్టి, అరచేతిలో చందమామ దిద్ది, కుడి చేతి వైపు చూసింది.

"దానికి రేపు పెడ్త. ఎవలు రాకుంటే. ఎన్క వచ్చేటోళ్లు ఉంటరు గద."

మరునాడు సాయంత్రం పోయాను. తడిగుడ్డ ఆరిపోయి ఉంది. ఖాలా రోలు ముందు కూర్చుంది. నేను కుడి చెయ్యి చాపాను.